ముప్పై అయిదో పేరు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభలో పాత జ్ఞాపకాలు నాకన్నా రసవత్తరంగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. ఆటల్లో రాణించే పిల్లలకు ఈ ఏడాది నుంచి మన సంఘం స్కాలర్‌షిప్ ఇవ్వబోతోంది. ఏటా ఇద్దరికి. ఆ ఇద్దరినీ ఎంచడానికి కమిటీ కూడా వేశారు. "పాతికేళ్ళుగా మిషిగన్‌లో ఉంటున్నావు, కాలేజీ బాస్కెట్‌బాల్ ఒక్క మ్యాచ్ వదలవు. ఒక కుర్రాడు రేపు పెద్ద ఆటగాడవుతాడో లేదో అక్కడ ఎలా తూకం వేస్తారో చెప్పు, కమిటీకి పనికొస్తుంది" అన్నారు.

నేను కోచ్‌ని కాను. కార్ల పరిశ్రమలో పని చేసే ఇంజనీరుని. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే వందలాది తెలుగువాళ్ళలో ఒకణ్ణి. కానీ అక్కడ చలికాలం ఆరు నెలలు. బయట మంచు, ఇంట్లో టీవీ, టీవీలో బాస్కెట్‌బాల్. అలా చూసీ చూసీ తెలిసిన సంగతే మీకు చెబుతాను. ముఖ్యంగా ఒక్క ఆటగాడి కథ చెబుతాను. అతని పేరు డ్రేమాండ్ గ్రీన్. మిషిగన్ రాష్ట్రంలోనే సాగినా అనే ఊళ్ళో పుట్టాడు, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడాడు.

ముందు ఆట సంగతి రెండు మాటల్లో. జట్టుకి అయిదుగురు. ఇద్దరు గార్డులు, వీళ్ళు బంతిని తెచ్చి ఆట నడిపిస్తారు. ఒక సెంటర్, బుట్ట దగ్గర కాపు కాసే పొడుగాటి మనిషి. మిగిలిన ఇద్దరూ ఫార్వర్డులు. గార్డు పనేమిటో, సెంటర్ పనేమిటో చెప్పడం తేలిక. ఫార్వర్డ్ పని ఉమ్మడి కుటుంబంలో నడిపివాడి పనిలాంటిది. ఇదీ అతని పని అని గీత గీయలేం, కానీ అన్నిటికీ అతనే కావాలి. దూరం నుంచి బంతి వెయ్యాలి, లోపలికి చొచ్చుకుపోవాలి, గురి తప్పిన బంతిని ఎగిరి అందుకోవాలి, పొడుగువాణ్ణీ చురుకైనవాణ్ణీ కూడా అడ్డుకోవాలి. అందుకే కాలేజీ ఫార్వర్డ్ భవిష్యత్తు చెప్పడం అంత కష్టం.

ఇక లెక్క. అమెరికాలో కాలేజీ ఆటల పైతరగతిని మొదటి డివిజన్ అంటారు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో అందులో 350కి పైగా కాలేజీలున్నాయి. గ్రీన్ ఆడిన రోజుల్లో ఒక్కో కాలేజీ 13 మందికి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. అంటే నాలుగున్నర వేలమంది ఆటగాళ్ళు. వృత్తి ఆటగాళ్ళ లీగ్, అదే ఎన్‌బీఏ, ఏడాదికొకసారి కొత్తవాళ్ళను తీసుకునే పద్ధతి పేరు డ్రాఫ్ట్. మన ఐపీఎల్ వేలంలో డబ్బు ఎక్కువ పెట్టినవాడిది ఆటగాడు. డ్రాఫ్ట్‌లో అలా కాదు. 30 జట్లు వరసలో నిలబడి ఒక్కొక్కరినీ ఎంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడిన జట్లకు ముందు వంతు. రెండు రౌండ్లు, మొత్తం 60 పేర్లు. అందులో విదేశాల కుర్రాళ్ళూ ఉంటారు. ఎలా చూసినా వందమందిలో ఒకడికి పిలుపు వస్తుంది, అంతే.

ఆ 60 పేర్లలోనూ 30వ పేరు దగ్గర ఒక గీత ఉంది. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడికి జీతం ముందే నిర్ణయించిన పట్టీ ప్రకారం ఉంటుంది. మొదటి రెండేళ్ళ జీతానికి హామీ ఉంటుంది. 31వ వాడి నుంచి అలాంటి హామీ ఏదీ నిబంధనల్లో లేదు. బేరమాడుకుని తెచ్చుకున్నదే. శిబిరంలో నచ్చకపోతే ఇంటికి పంపేయవచ్చు. 30కీ 31కీ తేడా మన పదో తరగతిలో ఒక్క మార్కు తేడా లాంటిది. చూడ్డానికి ఏమీ లేదు. కానీ దాంతో ఒక కుటుంబం రాత మారిపోతుంది. అందుకే తూకం వేసేవాళ్ళ పని ఆషామాషీ కాదు.

కాలేజీ నుంచి అక్కడికి వెళ్ళాక ఆట ఎంత మారుతుందో చూడండి. కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏది 48. కాలేజీ జట్టు ఏడాదికి ముప్పై చిల్లర మ్యాచ్‌లు ఆడుతుంది, ఎన్‌బీఏ జట్టు 82 ఆడుతుంది. గ్రీన్ రోజుల్లో కాలేజీలో బంతి చేతికొచ్చాక బుట్టలోకి వెయ్యడానికి 35 సెకన్ల గడువు, అక్కడ 24. మూడు పాయింట్ల గీత అప్పుడు కాలేజీలో 20 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది. ఎన్‌బీఏలో మధ్యలో అది 23 అడుగుల 9 అంగుళాలు. సరిగ్గా మూడడుగులు ఎక్కువ. ఆ మూడడుగుల్లో ఎందరి కెరీర్లు జారిపోయాయో లెక్కలేదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. కాలేజీలో మంచి ఫార్వర్డ్ అంటే ఆ జట్టుకి పెళ్ళికొడుకు. ఆట అంతా అతని కోసమే నడుస్తుంది. ఎన్‌బీఏకి వెళ్ళేసరికి అక్కడున్న ప్రతివాడూ ఎక్కడో ఒకచోట పెళ్ళికొడుకుగా ఉండి వచ్చినవాడే. ఒక జట్టుకి అలాంటివాళ్ళు ఇద్దరో ముగ్గురో చాలు. మిగతావాళ్ళు పందిరి వెయ్యాలి, వడ్డన చెయ్యాలి. కాబట్టి అసలు ప్రశ్న "ఈ కుర్రాడు కాలేజీలో ఎంత గొప్పవాడు?" అన్నది కాదు. "అక్కడికి వెళ్ళాక ఏ పని చేస్తాడు? బంతి తన చేతిలో లేనప్పుడు జట్టుకి ఎందుకు పనికొస్తాడు?" అన్నది. నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఇప్పుడు గ్రీన్ దగ్గరికి వద్దాం. 2008లో మిషిగన్ స్టేట్‌లో చేరాడు. ఒళ్ళు బాగా ఉండేది. మొదటి ఏడాది సగటున మ్యాచ్‌కి 3.3 పాయింట్లు. రెండో ఏడాది 9.9. ఆ ఏడాది బిగ్ టెన్ అనే వాళ్ళ కాన్ఫరెన్స్‌లో, బెంచీ మీద నుంచి దిగి ఆడేవాళ్ళలో ఉత్తముడిగా బహుమతి వచ్చింది. మూడో ఏడాది 12.6. నాలుగో ఏడాది, అంటే 2011–12లో, 16.2 పాయింట్లు, 10.6 రీబౌండ్లు, 3.8 అసిస్టులు. రీబౌండ్ అంటే గురి తప్పిన బంతిని పట్టుకోవడం. అసిస్ట్ అంటే తోటివాడు బుట్టలో వేసేలా బంతిని అందించడం. ఆ ఏడాది కాన్ఫరెన్స్‌లో అతనే ఉత్తమ ఆటగాడు. కాలేజీ కోచ్‌ల సంఘం దేశం మొత్తం మీద ఉత్తమ ఆటగాడిగానూ అతన్నే ఎంచింది. నాలుగేళ్ళలో 1,096 రీబౌండ్లతో తన యూనివర్సిటీ చరిత్రలోనే మొదటి స్థానంలో నిలిచాడు.

ఇంకొక విశేషం. ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ రెండంకెలకు చేరితే దాన్ని ట్రిపుల్ డబుల్ అంటారు. మార్చిలో జరిగే జాతీయ కాలేజీ టోర్నమెంటులో ఒకటికన్నా ఎక్కువసార్లు అది సాధించినవాళ్ళు అప్పటికి ఇద్దరే. ఆస్కార్ రాబర్ట్‌సన్, మ్యాజిక్ జాన్సన్. మూడోవాడు గ్రీన్.

ఇంత చరిత్ర ఉన్న కుర్రాడి పేరు 2012 జూన్‌లో డ్రాఫ్ట్‌లో ఎప్పుడు వినిపించింది? 35వది. గీతకు అవతల. పిలిచిన జట్టు కాలిఫోర్నియాకు చెందిన గోల్డెన్ స్టేట్ వారియర్స్. అందులోనూ ఒక తమాషా ఉంది. ఆ రోజు ఆ జట్టుకి అంతకుముందే రెండు వంతులు వచ్చాయి. ఏడో వంతులో హ్యారిసన్ బార్న్స్ అనే మరో ఫార్వర్డ్‌ను తీసుకున్నారు. 30వ వంతులో ఫెస్టస్ ఎజీలీ అనే సెంటర్‌ను తీసుకున్నారు. అంటే గ్రీన్‌ను ఎంచుకున్నవాళ్ళు కూడా అతన్ని రెండుసార్లు దాటేసి, మూడోసారి చెయ్యి వేశారు.

వాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా? కానే కాదు. వాళ్ళ అనుమానాలు వినండి. మనమూ అలాగే అనుకునేవాళ్ళం. ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు, మహా అయితే ఏడు. పవర్ ఫార్వర్డ్‌కి అది చాలదు, వాళ్ళు ఆరడుగుల తొమ్మిదీ పదీ ఉంటారు. పోనీ స్మాల్ ఫార్వర్డ్‌గా ఆడిద్దామంటే అంత వేగం లేదు. ఎగరడంలో అద్భుతం లేదు. నాలుగేళ్ళు కాలేజీలో ఉన్నాడు, వయసు 22 నిండింది, ఇంకేం ఎదుగుతాడు? ఇలాంటివాణ్ణి అక్కడ "మధ్యస్థుడు" అన్న అర్థం వచ్చే మాటతో తీసిపారేస్తారు. మన మాటలో చెప్పాలంటే రెంటికీ చెడ్డ రేవడి.

తర్వాత కథ మీలో చాలామందికి తెలుసు. మొదటి ఏడాది అతని సగటు 2.9 పాయింట్లు. స్కౌట్లు తమ మాటే నిజమైందని అనుకుని ఉంటారు. మూడో ఏడాది, 2014లో, జట్టుకి స్టీవ్ కెర్ కొత్త కోచ్‌గా వచ్చారు. సీజన్ మొదట్లో పవర్ ఫార్వర్డ్ డేవిడ్ లీకి గాయమైంది. ఆ స్థానం గ్రీన్‌కి దక్కింది. ఆ ఏడాది వారియర్స్ 82 మ్యాచ్‌ల్లో 67 గెలిచి, నలభై ఏళ్ళ తర్వాత ఛాంపియన్లయ్యారు. మళ్ళీ 2017, 2018, 2022. మొత్తం నాలుగు కిరీటాలు, నాలుగింట్లోనూ గ్రీన్ ఉన్నాడు. 2017లో లీగ్ మొత్తంలో ఉత్తమ రక్షణ ఆటగాడయ్యాడు. దేశం తరఫున రెండు ఒలింపిక్ స్వర్ణాలూ వచ్చాయి.

విచిత్రం ఏమిటంటే, ఏ కారణంతో అతన్ని తోసేశారో అదే అతనికి ఆస్తి అయింది. "రెండు పనులకూ సరిపోడు" అన్నారు. అతను అయిదు పనులూ చేశాడు. ఎదుటి జట్టు గార్డు ఎదురైతే గార్డుని అడ్డుకున్నాడు, సెంటర్ ఎదురైతే సెంటర్‌ని అడ్డుకున్నాడు. ఎత్తు తక్కువే కానీ రెండు చేతులూ చాచితే వేలి కొస నుంచి వేలి కొసకి ఏడడుగులు దాటుతుంది. రీబౌండ్ పట్టి, తనే బంతి నడిపించుకుంటూ వెళ్ళి, మెరుపులా విసిరేవాడు స్టెఫెన్ కర్రీకో క్లే థాంప్సన్‌కో అందించేవాడు. 2015–16లో అతని సగటు 14 పాయింట్లు, 9.5 రీబౌండ్లు, 7.4 అసిస్టులు. ఇప్పుడు వెనక్కి వెళ్ళి కాలేజీ అంకెలు చూడండి. రీబౌండ్లు, అసిస్టులు. అన్నీ అక్కడే రాసి ఉన్నాయి. చదివినవాళ్ళు పాయింట్లూ అంగుళాలూ చదివారు.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2005–06లో గొంజాగా యూనివర్సిటీలో ఆడమ్ మారిసన్ అనే ఫార్వర్డ్ ఉండేవాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. చిన్నతనం నుంచి మధుమేహం ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటూనే ఆడేవాడు. ఆ ఏడాది సగటున మ్యాచ్‌కి 28.1 పాయింట్లు, దేశంలోనే ప్రథముడు. అతన్ని 2006లో మూడో పేరుగా షార్లెట్ బాబ్‌కాట్స్ తీసుకుంది. మొదటి ఏడాది 11.8 పాయింట్లు చేశాడు. అంకె బాగానే ఉన్నట్టుంటుంది. కానీ వేసిన బంతుల్లో పడ్డవి నూటికి 38 కూడా లేవు. రెండో ఏడాది మొదలవకముందే మోకాలి లిగమెంటు తెగి సీజన్ మొత్తం పోయింది. తర్వాత లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి మారాడు. ఆ జట్టు 2009లో, 2010లో ఛాంపియన్ అయింది, అతనికీ ఉంగరాలొచ్చాయి కానీ ఎక్కువకాలం బెంచీ మీదే. 2010తో ఎన్‌బీఏలో అతని ఆట ముగిసింది.

మారిసన్‌లో ప్రతిభ లేదనగలమా? 28 పాయింట్లు ఊరికే రావు. ఆ గాయం లేకపోతే ఏమయ్యేదో ఎవరం చెప్పలేం. కానీ గాయానికి ముందు ఏడాదే ఒకటి తేలిపోయింది. అతని విద్య అంతా బంతి చేతిలో ఉన్నప్పటిదే. తనకన్నా వేగమైన వాళ్ళు మీద పడుతుంటే ఆ బంతి పడలేదు. పడనప్పుడు చెయ్యడానికి రక్షణలోనో రీబౌండ్లలోనో ఇంకో పని అతనికి లేదు. గ్రీన్ సంగతి దీనికి తలకిందులు. ఒక్క పాయింటూ చెయ్యని రోజున కూడా అతనికి చేతినిండా పని ఉండేది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి, నా ఇంజనీరు బుర్రకి తోచిన మూడు ప్రశ్నలు మీ ముందు పెడతాను.

మొదటిది: ఇతని విద్యలో ఏది పై మెట్టుకి కూడా వస్తుంది? కొన్ని నైపుణ్యాలు ప్రయాణం చేస్తాయి, కొన్ని గడప దాటవు. రీబౌండ్ పట్టే నేర్పు, బంతి అందించే చూపు సాధారణంగా పై మెట్టుకి కూడా వస్తాయి. కేవలం తనకన్నా చిన్నవాళ్ళ మీద ఒళ్ళు ప్రయోగించి చేసిన పాయింట్లు రావు. దూరం నుంచి వేసే గురి విషయంలో అనుభవజ్ఞులు ఒక చిట్కా చెబుతారు. మూడు పాయింట్ల బంతుల లెక్కతో పాటు ఫ్రీ త్రోల లెక్క కూడా చూడమంటారు. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డు లేకుండా నిలబడి వేసేది. అక్కడ చెయ్యి కుదురుగా ఉంటే, దూరపు గురిని తర్వాతైనా నేర్పవచ్చు.

రెండోది: ఇతని గీత ఎటు పోతోంది? ఇవాళ ఎక్కడున్నాడన్నదానికన్నా, నిరుటికీ ఇప్పటికీ ఎంత మారాడన్నది చూడాలి. గ్రీన్ 3.3 నుంచి 16.2కి మూడు మెట్లు ఎక్కాడు. ప్రతి ఏడాదీ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకున్నాడు. ఇంకో ఉదాహరణ కవాయ్ లెనర్డ్. శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీ ఫార్వర్డ్. కాలేజీలో మూడు పాయింట్ల బంతులు పదింట మూడు కూడా పడేవి కావు. 2011లో 15వ పేరుగా ఇండియానా ఎంచుకుని, ఆ రోజే శాన్ ఆంటోనియో స్పర్స్‌కి ఇచ్చేసింది. స్పర్స్‌లో గురి నేర్పే చిప్ ఎంగెలాండ్ అనే కోచ్ అతని చేతివాటాన్ని దిద్దారు. మొదటి ఏడాదిలోనే ఆ బంతులు మూడింట ఒకటికి పైగా పడ్డాయి. 2014లోనూ 2019లోనూ ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. నేర్చుకునేవాడు, నేర్పేవాడు కలిశారు. రెండోవాడు లేకపోతే మొదటివాడి గీత అక్కడే ఆగిపోయేదేమో.

మూడోది: మనం కొలుస్తున్నది అవసరమైనదా, లేక కొలవడానికి తేలికైనదా? 2007లో టెక్సస్ యూనివర్సిటీ ఫార్వర్డ్ కెవిన్ డురాంట్‌ను డ్రాఫ్ట్ ముందు శిబిరంలో పరీక్షించారు. వెల్లకిలా పడుకుని 185 పౌండ్ల బరువు, అంటే 84 కిలోలు, ఎత్తమన్నారు. ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. అది పెద్ద వార్త అయింది. కాలేజీలో ఆడింది ఒక్క ఏడాదే, ఆ ఏడాదే సగటున 25.8 పాయింట్లు, 11.1 రీబౌండ్లు చేసిన కుర్రాడు మరి. అతని విషయంలో జట్లు ఆ బరువుని మరీ పట్టించుకోలేదు, రెండో పేరుగా పిలిచారు. లీగ్‌లో నాలుగుసార్లు అత్యధిక పాయింట్ల వీరుడయ్యాడు, 2014లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. బరువు ఎత్తడం కొలవడానికి తేలిక. ఎత్తు కొలవడమూ తేలికే. తోటివాడు ఎక్కడికి పరిగెడతాడో ఒక్క క్షణం ముందే పసిగట్టే చూపుని ఏ టేపుతో కొలుస్తాం?

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే నా ప్రసంగం అబద్ధమవుతుంది. గ్రీన్ కథ విని, "అయితే పొట్టివాళ్ళనీ నెమ్మదివాళ్ళనీ తీసుకుందాం" అనుకుంటే కొంప మునుగుతుంది. రెండో రౌండ్‌లో పేరు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నిలదొక్కుకోలేరు. స్కౌట్ల అనుమానాలు చాలాసార్లు నిజమే అవుతాయి. గ్రీన్‌కి అదృష్టం కూడా కలిసొచ్చింది. డేవిడ్ లీకి గాయం కాకపోతే ఆ తలుపు ఎప్పుడు తెరుచుకునేదో. పక్కన కర్రీ, థాంప్సన్ లాంటి గురిగాళ్ళు లేకపోతే అతని అందింపులకి అంత విలువ వచ్చేది కాదు. ఆటగాణ్ణి ఒంటరిగా తూచలేం, ఏ జట్టులోకి వెళుతున్నాడో దానితో కలిపే తూచాలి. ఒక మొక్క ఎండిందంటే విత్తనం తప్పో, నేల తప్పో చూడకుండా చెప్పలేం కదా.

ఇంకొకటి. గుణదోషాలు ఒకే కొమ్మకి కాస్తాయి. గ్రీన్‌ని నిలబెట్టిన ఆ నిప్పే అతన్ని కాల్చింది కూడా. 2016 ఫైనల్స్‌లో అతని జట్టు 3–1తో ముందున్నప్పుడు, పెరిగిపోయిన ఫౌళ్ళ వల్ల అయిదో మ్యాచ్‌కి నిషేధం పడింది. ఆ మ్యాచ్ ఓడారు, చివరికి ఫైనలూ ఓడారు. 2022లో ప్రాక్టీసులో తోటి ఆటగాడి మీద చెయ్యి చేసుకున్నాడు. 2023 డిసెంబర్‌లో ప్రత్యర్థిని కొట్టినందుకు లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. కాబట్టి కుర్రాడిలో కసి ఉందని రాసి ఊరుకుంటే చాలదు, ఆ కసికి కళ్ళెం ఉందా అన్నది కూడా రాయాలి. కళ్ళెం వేసే పెద్దవాళ్ళు చుట్టూ ఉన్నారా అన్నదీ రాయాలి.

మరి ఆ కసినీ, ఆ చూపునీ, ఆ నేర్చుకునే గుణాన్నీ ఎవరు చూడగలరు? స్కౌట్ ఎన్ని మ్యాచ్‌లు చూసినా అతిథే. మిషిగన్ స్టేట్‌లో కోచ్ టామ్ ఇజ్జో గ్రీన్‌ని నాలుగేళ్ళు రోజూ చూశారు. ఓడిన మర్నాడు ఎలా వచ్చాడో, బెంచీ మీద కూర్చోబెడితే ఎలా కూర్చున్నాడో, చేతగాని తోటివాడితో ఎలా మాట్లాడాడో కోచ్‌కే తెలుస్తుంది. గురువులారా, ఈ మాట మీకోసం చెబుతున్నాను. పిల్లవాడి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు మీరే. సర్టిఫికెట్టు మీద ఉండేది ఒక్క రోజు ఫలితం. మీ దగ్గర ఉన్నది అయిదేళ్ళ చూపు.

అందుకని మన స్కాలర్‌షిప్ కమిటీకి నాలుగు విన్నపాలు చేసుకుంటాను.

ఒకటి, దరఖాస్తుతో పాటు పతకాల జాబితా ఒక్కటే అడగవద్దు. డ్రిల్ మాస్టారి చేత ఒక పేజీ రాయించండి. "మంచి క్రమశిక్షణ గల విద్యార్థి" అన్న పాత వాక్యం వద్దు. జట్టులో ఈ పిల్ల లేక పిల్లవాడు చేసే పనేమిటి, లేకపోతే జట్టుకి ఏ లోటు, ఆ రెండూ రాయమనండి.

రెండు, ఒక్క ఏడాది చూసి తేల్చవద్దు. నిరుడు ఎలా ఆడారు, ఈ ఏడు ఏం కొత్తగా నేర్చుకున్నారు అని అడగండి. ఎనిమిదో తరగతిలో అందరికన్నా ముందు పొడుగైన పిల్లవాడు ఆ ఏడాది కప్పులన్నీ తెస్తాడు. పదిలోకి వచ్చేసరికి అందరూ వాడి ఎత్తుకి వస్తారు. అప్పుడు వాడి దగ్గర ఇంకేం మిగిలిందో అదే వాడి అసలు విద్య. ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. పది దాటగానే చాలామందిని ఇంట్లోనే ఆట మాన్పిస్తారు. గీత ఎటు పోతోందో చూసే అవకాశమే మనకి దొరకదు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా అమ్మాయి ఉండాలని నా కోరిక.

మూడు, డబ్బు ఇచ్చి ఊరుకోవద్దు. లెనర్డ్‌కి ఎంగెలాండ్ దొరికినట్టు మన పిల్లలకీ నేర్పేవాళ్ళు కావాలి. ఎంపికైన పిల్లల్ని ఏడాదంతా పట్టించుకునే పూర్వ విద్యార్థి ఒకరిని ఒక్కొక్కరికీ జత చేయండి. ఎంచడం ఒక్క రోజు పని. ఎంచిన మాట నిజం చెయ్యడం ఏళ్ళ పని.

నాలుగు, ఎంపిక కానివాళ్ళకి ఎందుకు కాలేదో మర్యాదగా, స్పష్టంగా చెప్పండి. అమెరికాలో వందమందిలో ఒకడికే పిలుపు వస్తుందన్నాను. మిగతా తొంభై తొమ్మిదిమంది ఏమవుతారు? కొందరు యూరప్‌లో, ఆసియాలో లీగ్‌లు ఆడతారు. 2021 జూలై నుంచి కాలేజీలో ఉండగానే తమ పేరు మీద ప్రకటనల డబ్బు సంపాదించుకునే వీలూ వచ్చింది. కానీ ఎక్కువమందికి చివరికి నిలబడేది చదివిన చదువే. మన పిల్లలకీ అంతే. ఆట కోసం చదువు మానమనే స్కాలర్‌షిప్ మనకి వద్దు. రెంటినీ మోసే బలం ఇచ్చేది కావాలి.

నలభై మంది పిల్లలున్న క్లాసులో మన చూపు సహజంగానే మొదటి అయిదుగురి మీదకీ చివరి అయిదుగురి మీదకీ పోతుంది. హాజరు పట్టీలో ముప్పై అయిదో పేరు గబగబా చదివేస్తాం. ఆ పేరు గల ప్రతివాడూ గ్రీన్ కాడు. నిజానికి చాలామంది కారు. అయినా ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగి, "వీడు ఏ పనికి పుట్టాడో" అని చూడటం మన చేతిలో ఉంది. చూశాక లేదని తేలితే లేదనే చెబుదాం. చూడకుండా మాత్రం చెప్పొద్దు.

కమిటీ మొదటి సమావేశం వచ్చే నెలలోనే అని విన్నాను. దరఖాస్తు నమూనా తయారు చేసేటప్పుడు ఈ నాలుగు మాటలూ గుర్తు పెట్టుకుంటే చాలు, నేను సముద్రాలు దాటి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.